రెండో పరుగు

1988 జనవరి 16, శనివారం. ఆ ఉదయం ఆర్విల్ స్కీట్ తిన్నది ఉప్పు రొట్టె మధ్యలో పెట్టిన రెండు చేప వడలు, వాటి మీద కాస్త మిరప పచ్చడి. భార్య మార్వా కాగితంలో చుట్టి ఇస్తే, మైదానానికి వెళ్లే బస్సులోనే తినేశాడు. సాయంత్రం ఏం తిన్నాడో, అసలు తిన్నాడో లేదో అతనికి గుర్తు లేదు. ఆ రెండింటికీ మధ్య జరిగింది మాత్రం, అతను మరిచిపోదామనుకున్నా బార్బడోస్‌లో ఎవరూ మరిచిపోనివ్వలేదు.

జమైకాతో సెమీఫైనల్, యాభై ఓవర్ల ఆట. ఆఖరి బంతి మిగిలింది. రెండు జట్ల పరుగులూ సమానం. జమైకాకి ఏడు వికెట్లు పోయాయి, బార్బడోస్‌కి ఆరు. ఆడాల్సింది ఆర్విల్. ఆ బంతికి ముందు పన్నెండో ఆటగాడు కొత్త గ్లౌజులిచ్చే వంకతో పరుగెత్తుకొచ్చి అతని చెవిలో చెప్పాడు: "సమానమైతే చాలంట. మనకి వికెట్లు తక్కువ పోయాయి కాబట్టి మనమే గెలిచినట్టు. అవుటవకు, అంతే."

ఆర్విల్ ముందుకు వంగి, బంతిని బ్యాట్ కింద నొక్కిపెట్టి ఆపేసి, రెండు చేతులూ పైకెత్తాడు. తలెత్తి చూస్తే జమైకా వాళ్లు కూడా గంతులేస్తున్నారు.

నిబంధన ఆ ఏడే మారింది. పరుగులు సమానమైతే ఇక వికెట్లు చూడరు. అంతకు ముందు ఆటల్లో ఎక్కువ గెలిచిన జట్టే ఫైనల్‌కి వెళ్తుంది. ఎక్కువ గెలిచింది జమైకా. ఆ సంగతి కెప్టెన్‌కి తెలియదు, మేనేజరుకి తెలియదు. గ్లౌజులు పట్టుకొచ్చిన పన్నెండో ఆటగాడికి అసలే తెలియదు. ఆ పన్నెండో ఆటగాడు హాలమ్, మార్వాకి సొంత తమ్ముడు.

ఇందులో దాచిందేమీ లేదు. కబురు తెచ్చింది హాలమ్ అని ఊరందరికీ తెలుసు. అయినా ఎవరూ హాలమ్‌ని ఏమీ అనలేదు. "బ్యాట్ ఎవరి చేతిలో ఉందయ్యా?" అనేవారు. అంతటితో విచారణ ముగిసేది. సమానంగా ముగిసిన ఆటని టై అంటారు, ఆ రోజు నుంచి ఆర్విల్‌కి ఆ పేరే స్థిరపడింది. వ్యాన్ ఎక్కబోతే కండక్టర్ తలుపు పట్టుకుని, "ఏం టై, ఎక్కుతావా, ఇక్కడే ఆపేస్తావా?" అనేవాడు. ఆ కండక్టర్ పోయి అతని కొడుకు వచ్చాడు. ఆట నాటికి పుట్టని ఆ కొడుకు కూడా అదే మాట, అదే నవ్వు.

ఆ ఒక్క బంతికి ముందు పదేళ్ల ఆట ఉందని ఎవరికీ పట్టలేదు. వెస్టిండీస్ తరఫున తొమ్మిది వన్డేలు ఆడాడు. ఆరో నంబరులో దిగేవాడు. ఆరో నంబరు వాడి బతుకు భోజనాలయ్యాక పెళ్లికి వెళ్లినవాడి బతుకే, ఉన్నదానితో సరిపెట్టుకోవాలి. వచ్చేసరికి ఓవర్లు అయిపోతూ ఉంటాయి, వెలుగు తగ్గుతూ ఉంటుంది. ఇరవై, ముప్ఫై పరుగులు పోగేసి పెట్టడం అతని పని. అతను సెంచరీ కొట్టలేదు. కొట్టేంత సమయం అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఆ సెమీఫైనల్ తరవాత పిలుపు కూడా రాలేదు.

మార్వా ఉన్నన్నాళ్లూ ఈ గొడవకి ఒక అంపైర్ ఉండేది. ప్రతి శనివారం హాలమ్ అక్క చేతి చిలగడదుంప పుడ్డింగూ, నిమ్మరసంలో ఊరిన పంది మాంసం సౌసూ తినడానికి వచ్చేవాడు. రెండు ముద్దలు లోపలికి వెళ్లగానే మొదలయ్యేది.

"సమానమైతే చాలన్నాను గానీ, కొట్టొద్దన్నానా బావా?"

"అవుటవకు అన్నావురా."

"అవుటవకుండా కొట్టొచ్చుగా!"

మార్వా గరిటెతో బల్ల మీద ఒక దెబ్బ వేసేది. "ఓవర్ అయిపోయింది. తినండి." ఇద్దరూ నోరు మూసుకుని తినేవారు. వెళ్లేటప్పుడు హాలమ్ తలుపు వేస్తే గోడకున్న పటాలు అదిరేవి. "తలుపురా హాలమ్!" అని ఆమె లోపలి నుంచి అరిచేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు సౌస్ ఇంటికి ఎదురుగా ఉన్న మిస్ యూడీన్ రమ్ము కొట్టు నుంచి వస్తోంది. అరిచేవాళ్లు లేరు గానీ తలుపు అదరడం మాత్రం ఆగలేదు.

నవంబరు వచ్చింది. స్వాతంత్ర్య దినానికని లోథర్ గ్యాప్ వీధిలో స్తంభాలకి నీలం, పసుపు గుడ్డలు చుట్టారు. ఊరి క్రికెట్ క్లబ్బు ఈసారి స్కీట్‌కి గౌరవం చేయాలని తీర్మానించింది. ఏం గౌరవమో అడిగితే, "చూద్దువుగా" అన్నారు. క్లబ్బు కార్యదర్శి హాలమే కాబట్టి ఆర్విల్‌కి అప్పుడే అనుమానం రావాల్సింది.

పొద్దున్నే రొట్టెల వ్యాన్ వచ్చి మిస్ యూడీన్ కొట్టు గోడకి అడ్డంగా ఆగుతుంది. ఆ సోమవారం అది కదిలాక, వరండాలో టీ తాగుతున్న ఆర్విల్‌కి ఎదురుగోడ మీద తనే కనిపించాడు. ఇంకా రంగు పడలేదు, బొగ్గు గీతలే. తలుపంత ఎత్తు మనిషి. ఎడమ కాలు ముందుకి, తల కిందకి, బ్యాట్ నిలువుగా, బ్యాట్ కింద చచ్చిన బంతి.

అతను టీ కప్పు అలాగే పట్టుకుని రోడ్డు దాటాడు.

గోడ ముందు నిచ్చెన మీద కెజాయా ఉంది. కాలేజీలో బొమ్మలు నేర్చుకుంటున్న పిల్ల. "గుడ్ మార్నింగ్ మిస్టర్ స్కీట్! పోలిక వచ్చిందా?"

"వచ్చిందమ్మా. అదే బాధ."

కొట్టు లోపల లిస్టన్ అప్పటికే డామినో బిళ్లలు పరిచి కూర్చున్నాడు. తపాలా ఉద్యోగం నుంచి దిగాక అతనికి అదే ఉద్యోగం. మిస్ యూడీన్ గ్లాసులు తుడుస్తోంది. హాలమ్ గడప మీద నిలబడి, గోడ వంక తన సొంత ఇల్లు చూసుకుంటున్నంత మురిపెంగా చూస్తున్నాడు.

"ఇదేంట్రా?" అన్నాడు ఆర్విల్.

"నువ్వే బావా."

"నేనని తెలుస్తూనే ఉంది. ఇది ఏ బంతి?"

హాలమ్ గడ్డం గోక్కున్నాడు. "బంతులన్నీ ఒకలాగే ఉంటాయిగా."

"దీవి మొత్తం మరిచిపోయినా, పొద్దున లేవగానే నేను చూడాలని నా వరండాకి ఎదురుగా వేయిస్తావా? నా ఇంట్లో కూర్చుని తిన్న సౌస్‌కి ఇదా కృతజ్ఞత?"

"నీ ఇంట్లో సౌస్ నాదే స్కీట్," అంది మిస్ యూడీన్. "ఆ కృతజ్ఞత ఏదో నాకు చెప్పమను."

కెజాయా నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాకున్న ఫొటో ఇదొక్కటేనండీ. పేపరు వాళ్ల దగ్గర మీది ఇంకోటి లేదు. వేరే షాట్ ఏదైనా చెప్పండి, మార్చేస్తాను. మీకు బాగా పేరొచ్చిన షాట్ ఏది?"

కొట్టులో అందరూ ఆలోచించారు. ఆ ఆలోచన ఎంతకీ తెగకపోవడమే ఆర్విల్‌కి ఎక్కువ చిరాకు తెప్పించింది.

"పుల్ బాగా కొట్టేవాడు," అన్నాడు లిస్టన్ చివరికి.

"అది మీ తమ్ముడు," అంది మిస్ యూడీన్.

"అయితే కవర్ డ్రైవ్."

"అది ఎవరైనా కొడతారు. నాకైతే ఇతను టోపీ సర్దుకోవడమే గుర్తు. పాపం, భలే సర్దుకునేవాడు."

"పదేళ్లు ఆడానే!" అన్నాడు ఆర్విల్. "ఒక్క దెబ్బ కూడా గుర్తు లేదా మీకు?"

లిస్టన్ బిళ్లని బల్ల మీద ఠప్పున కొట్టాడు. "కొడితే కదా టై, గుర్తుండటానికి."

కెజాయాకి మాత్రం నవ్వు రాలేదు. "శనివారం మధ్యాహ్నం రంగులు మొదలెట్టాలండీ. సాయంత్రం దీపాలు వేస్తారు. ఈలోపు మరో ఫొటో తెండి. లేదంటే మీరే నిలబడి చూపించండి, అలాగే గీస్తాను. రంగు పడితే మాత్రం ఇక మారదు."

శనివారం దాకా అతనికి మిగిలిన ఒకే ఊరట రొట్టెల వ్యాన్. దాని డ్రైవర్ మాటకారి. ఒక్కో రోజు ఎనిమిదిన్నర దాకా కదలడు. అతని కబుర్లని ఆర్విల్ ఇంతకు ముందెప్పుడూ ఇంత ఇష్టపడలేదు.

ఇంట్లో వెతికితే ఫొటోలు దొరికాయి, ఆట దొరకలేదు. జట్టుతో వరసలో నిలబడినవి, విమానం మెట్ల మీద చెయ్యి ఊపినవి, ఎవరి పెళ్లిలోనో మాకరోనీ వంటకం తింటున్నది. ఒకసారి ఆటలో మేటిగా నిలిచినందుకు బహుమతిగా ఇస్త్రీ పెట్టె ఇచ్చారు. ఆ ఫొటోలో కంపెనీ అమ్మాయి పెట్టె పట్టుకుంది, అతను దాని వైరు పట్టుకున్నాడు. పాతికేళ్లు మార్వా ఆ పెట్టెతోనే ఇస్త్రీ చేసింది. అది వేడెక్కినప్పుడల్లా, "నా మొగుడి కెరీర్ ఇంకా పనిచేస్తోంది" అనేది.

గురువారం గొడుగు పట్టుకుని అద్దం ముందు పుల్ షాట్‌కి నిలబడ్డాడు. కుడి మోకాలు వంగింది గానీ మళ్లీ లేవలేదు. మంచం పట్టుకుని నిలదొక్కుకునేసరికి చెమటలు పట్టాయి. ఫొటోగ్రాఫర్లని తప్పుపట్టడానికి లేదని అప్పుడే తోచింది. వాళ్లు సిక్సరు తీస్తారు, వికెట్టు పడితే తీస్తారు, మనిషి నవ్వులపాలైతే తప్పకుండా తీస్తారు. బంతిని మెల్లగా తోసి అవతలికి పరుగెత్తేవాడిని ఎవరు తీస్తారు? కిటికీకి కర్టెన్ వేసి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే గొడుగు సంగతి కూడా రమ్ము కొట్టుకి చేరేది.

శనివారం పన్నెండు కాకముందే అతను రోడ్డు దాటాడు. కెజాయా డబ్బాల మూతలు తీస్తోంది.

"సున్నం కొట్టేయమ్మా," అన్నాడు.

"ఏంటండీ?"

"ఫొటో లేదు, మోకాలు లేదు. గోడ తెల్లగా ఉంటేనే బాగుంది. నాకు ఈ గౌరవం వద్దు."

హాలమ్ సౌస్ పళ్లెంతో బయటికొచ్చాడు. నోట్లో దోసకాయ ముక్క నములుతూనే అన్నాడు: "క్లబ్బు తీర్మానం బావా. నీ ఇష్టమా?"

"మొహం నాది."

"గోడ యూడీన్‌ది."

"గోడ సంగతి నన్నడగండి మరి," అంది మిస్ యూడీన్ లోపలి నుంచి. ఎవరూ అడగలేదు.

"ముప్ఫై ఆరేళ్లు భరించానురా," అన్నాడు ఆర్విల్. అతని గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. "వ్యాన్‌లో భరించాను, చర్చిలో భరించాను. మీ అక్క అంత్యక్రియల రోజు కూడా ఎవడో వెనక వరసలో టై అన్నాడు, అదీ భరించాను. నేను పోయాక కూడా ఈ గోడ అదే చెబుతుందా? ఈ ఊళ్లో నేను ఆడింది ఆ ఒక్క బంతేనా?"

"అరె, నీకు బొమ్మ వేయించడమే ఎక్కువ!" హాలమ్‌కి కూడా కోపం వచ్చింది. "సిక్సులు కొట్టినవాడివా నువ్వు? అసలు నీతో బ్యాటింగ్ అంటే ఏంటో వీళ్లకేం తెలుసు? నన్నడగమను! మన ఊరి జట్టులో ఎన్ని శనివారాలు నీ అవతలి కొసలో చచ్చాను! నేను బౌలర్ని. ఎండలో బంతులేసి, అలిసిపోయి, ఏడో నంబరులో కాస్త నిలబడి ఊపిరి తీసుకుందామంటే నిలబడనిచ్చావా? బంతిని అలా గడ్డిలోకి తోస్తావు, రమ్మంటావు. వస్తాను. గుండెకాయ నోట్లోకి వస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ తిరిగేస్తావు! అందరూ ఒకటి తీసే చోట నీకు రెండు కావాలి. నా మోకాళ్లు పోయింది కూడా నీ వల్లే!"

కెజాయా బ్రష్ కిందపెట్టింది. "ఎలా తిరిగేవారు?"

"ఎలా ఏంటి? పిచ్చికుక్క తరిమినట్టు!"

"చూపించండి."

హాలమ్ పళ్లెం మెట్టు మీద పెట్టాడు. కొట్టు మూలనున్న పాత బ్యాట్ లిస్టన్ అందించాడు. హాలమ్ డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ముందు పొట్ట, కాళ్లకి చెప్పులు. బొగ్గు గీతల ముందు నుంచి రోడ్డు మీదుగా కొబ్బరి బొండాల బండి దాకా పరుగెత్తాడు. హారన్ కొడుతూ వచ్చిన వ్యాన్ చచ్చినట్టు ఆగింది. కండక్టర్ బయటికి వేలాడాడు. "తాతా, బస్టాప్ ఇటుంది!"

"నోర్ముయ్, క్రికెట్ చెబుతున్నా!" బండి దగ్గర హాలమ్ బ్యాట్‌ని సాచి, కొస నేలకి ఆనించి, ఒక్క కాలి మీద గిర్రున తిరిగాడు. ఆ తిరగడంలో పొట్ట కాస్త వెనకపడింది గానీ, మిగతాదంతా ఆర్విలే. వంగిన వీపు, ఎడమ చేతిలో బ్యాట్, ఎత్తిన మొహం. చూస్తున్న ఆర్విల్‌కి మోకాలి లోపల ఏదో పాత నరం జివ్వుమంది.

"ఇదిగో, ఇలా!" హాలమ్ రొప్పుతున్నాడు. "ఇక్కడ చూడు పిల్లా. బంతి వీడి వెనక ఉంటుంది. రెండోది ఉందో లేదో ఎవడైనా మెడ తిప్పి చూసుకుంటాడు. రికార్డులున్నవాళ్లు కూడా చూసుకుంటారు. వీడు చూడడు. తిరగడం తిరగడమే నా మొహం చూస్తాడు. నేను రా అంటే వచ్చేవాడు. వద్దంటే ఆగేవాడు. బంతి ఎక్కడుందో, ఎవడి చేతిలో ఉందో, ఒక్కసారి కూడా తల తిప్పి చూసుకోలేదు. నేనేం చెబితే అది..."

అక్కడ ఆగిపోయాడు.

రోడ్డు మధ్యలో, బ్యాట్ ఆనించి, మొహం ఎత్తి, ఆర్విల్ వంకే చూస్తూ నిలబడిపోయాడు. లిస్టన్ పైకెత్తిన డామినో బిళ్ల చప్పుడు చేయకుండా కిందికి దిగింది. వ్యాన్‌లో పాట మోగుతూనే ఉంది.

"ఏమైంది హాలమ్?" అంది మిస్ యూడీన్.

"ఏం లేదు. ఊపిరాడట్లేదు."

ఆర్విల్ మెట్టు మీద పళ్లెం తీసుకుని, మెల్లగా రోడ్డు మధ్యకి వెళ్లి అతనికి అందించాడు. "తిను. చల్లారిపోతుంది."

"సౌస్ చల్లగానే తింటారు బావా," అన్నాడు హాలమ్. ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"అలాగే ఉండండి!" అని కెజాయా కేకేసింది. "తాతా, ఆ బ్యాట్ అలాగే! మొహం దించకండి!"

"వ్యాన్ వెళ్లాలమ్మా," అన్నాడు కండక్టర్.

"చుట్టూ తిరిగి వెళ్లు," అంది మిస్ యూడీన్.

కెజాయా తెల్లరంగుతో బొగ్గు గీతల్ని కప్పేసి, ఆ మధ్యాహ్నమంతా నిచ్చెన దిగలేదు. హాలమ్‌ని రెండు సార్లు మళ్లీ నిలబెట్టింది. మూడోసారి అతను తిరగబడితే, రమ్ము పోసి నిలబెట్టింది. ఎండ వాలేసరికి గోడ మీద ఒక మనిషి గీత దగ్గర తిరుగుతూ ఉన్నాడు. బంతి లేదు, వికెట్లు లేవు. ఒంటి మీద నీలం చొక్కా, నేల మీద ఆనిన బ్యాట్ కొస. ఎత్తిన మొహం సూటిగా రోడ్డుకి అవతల ఉన్న వరండా వంక చూస్తోంది. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్న మొహం.

దీపాలు వేశారు. ఊరు చూసింది. ఊరికి నచ్చకపోవడానికి కావలసినన్ని కారణాలు దొరికాయి.

"బంతేది?"

"వెనకుంది."

"వెనకుంటే ఎవరికి కనిపిస్తుంది? ఇతను బ్యాట్స్‌మన్ అని ఎలా తెలుస్తుంది?"

లిస్టన్ తల పక్కకి వాల్చి, చాలాసేపు చూసి అన్నాడు: "ఏం టై, వ్యాన్ తప్పిపోయిందా?"

అందరూ నవ్వారు. ఆర్విల్‌కి ఒళ్లు మండింది. కాసేపటికి మిస్ యూడీన్ అరటాకులో ఉడికించిన కాంకీ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. గుమ్మడి, కొబ్బరి వాసన వేసింది. ఆకు ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికే అతను దాన్ని కాసేపు విప్పకుండా పట్టుకున్నాడు.

"నాకూ గుర్తుంది," అంది ఆమె, గోడ వంకే చూస్తూ. "ఆ తిరగడం. ఇన్నాళ్లూ టోపీ అనుకున్నాను. తిరిగేటప్పుడు జారిపోయేదని పట్టుకునేవాడివి."

హాలమ్ అతనితో పాటే ఇంటికొచ్చాడు. ఎప్పటి శనివారం లాగే బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చుని కాంకీలు తిన్నారు. ఆర్విల్ ఎదురుచూశాడు. రెండు ముద్దలయ్యాయి. కొట్టొద్దన్నానా బావా అనే మాట రాలేదు. మూడో ముద్దా అయింది. మార్వా గరిటె ఉండే చోటుకి హాలమ్ ఒకసారి చూసి, మళ్లీ ఆకులోకి తలదించుకున్నాడు.

"మోకాళ్లు పోయింది నా వల్లేనా?" అన్నాడు ఆర్విల్.

"సగం," అన్నాడు హాలమ్. "మిగతా సగం వయసు."

తినడం అయ్యాక ఆర్విల్ కిటికీ పక్కన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. నిద్ర కాదు, అలసట. ఊరందరి మాటలూ చెవుల్లో తిరుగుతున్నాయి. రేపటి నుంచి ఇంకో ముప్ఫై ఏళ్లకి సరిపడా వ్యాన్ జోకులు తయారుగా ఉన్నాయని తలుచుకుంటేనే విసుగొచ్చింది. వంటింట్లో నీళ్ల చప్పుడైంది. హాలమ్ గిన్నెలు కడుగుతున్నాడు. ఈ ఇంట్లో అతను గిన్నె కడగడం ఆర్విల్ ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూడాలని కళ్లు తెరవలేదు, తెరిస్తే మానేస్తాడేమోనని.

నీళ్లు ఆగాయి. అడుగులు కుర్చీ దగ్గర కాసేపు నిలబడి, గడప వైపు వెళ్లాయి. ఆర్విల్ అలవాటు కొద్దీ భుజాలు బిగించి, తలుపు అదరడం కోసం చూశాడు.

హాలమ్ బయటి నుంచి, రెండు చేతులతో పట్టుకుని, తలుపుని మెల్లగా దగ్గరికి లాగి, గొళ్లెం చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.